కుర్చీలో కూర్చోని తమ్ముడు

తిరువూరు,
18 జనవరి 1956.

ప్రియమైన అక్కయ్యా,

‘పూజ్యురాలైన’ అని మొదలుపెట్టాలని చిన్నప్పుడు నాన్న నేర్పాడు. నేను అలా రాయను. ఆడవాళ్ళను పూజించి మూలగదిలో కూర్చోబెట్టే దేశం ఇది. నాకు నువ్వు ప్రియమైనదానివి, అది చాలు.

ఒక బడి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. గొంతు పోయింది. నెల రోజుల్లో ఇది పదకొండో బడి. రెండింటికి రమ్మంటారు. వెళితే హెడ్‌మాస్టరు గారి భోజనం కాలేదనో, ఇన్‌స్పెక్టరు రావచ్చుననో నాలుగింటి దాకా ఎండలో నిలబెడతారు. ఆ తర్వాత గంట కొట్టేలోగా ముగించమంటారు. తెరకు కట్టిన దుప్పటి, హార్మణీ, సుందరరావు వేషాల పెట్టె, ఇవన్నీ బస్సు పైకి ఎక్కించడం, దించడం. దేశాన్ని మార్చే పనిలో సగం మూటలు మొయ్యడమేనని నేను చదివిన పుస్తకాలలో ఎవరూ రాయలేదు.

మా నాటిక పేరు ‘అటకెక్కిన సంచి’. నువ్వు చూడలేదు కనక చెబుతాను. పదమూడేళ్ళ పిల్లను తండ్రి బడి మాన్పించి, పుస్తకాల సంచి అటక ఎక్కిస్తాడు. పెళ్ళి చేసి పంపిస్తాడు. అంతే కథ. ఎవరి కథో నీకు చెప్పక్కర్లేదు. రాసింది నేనే, తండ్రి వేషం నాదే. నాన్న పాత నల్లకోటు అడక్కుండా తీసుకుని తొడుక్కుంటున్నాను. పోయిందని నాన్న ఇంతవరకూ అడగలేదు. తల్లి సుందరరావు. కూతురు బాలశౌరి.

మిగతా నాటకాల వాళ్ళకూ మాకూ తేడా ఏమిటంటే, అయిపోయాక మేము వేషాలు తియ్యం. మధ్యలో ఒక కుర్చీ వేస్తాం. పిల్లలు ఏ పాత్రను పిలిస్తే ఆ పాత్ర వచ్చి అందులో కూర్చోవాలి. ఏం అడిగినా ఆ పాత్రగానే జవాబు చెప్పాలి, అబద్ధం చెప్పకూడదు. అది నేను పెట్టిన నియమం. కాని పిల్లలు తండ్రిని పిలవరు. “తప్పు ఎవరిది?” అని అడిగితే అందరూ మేష్టారి మొహం చూస్తారు. “పెద్దలను గౌరవించవలెను” అని ఒకడు అప్పజెబుతాడు. నిన్న ఒక బుడతడు బాలశౌరిని కుర్చీలోకి పిలిచాడు. ప్రశ్న వచ్చింది కదా అని నా ప్రాణం లేచి వచ్చింది. వాడు అడిగింది, “నీ కాళ్ళకి అన్ని వెంట్రుకలేంటి?” అని. సుందరరావు తల్లి వేషంలోనే పడీ పడీ నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది.

అసలు సంగతికి వస్తాను. బుల్లికి పదేళ్ళు నిండాయి. మీ ఊళ్ళో బడి అయిదుతో సరి. జూన్‌లో ఇక్కడి హైస్కూల్లో ఫస్టు ఫారంలో చేర్పిద్దాం. మన ఇంట్లోనే ఉంటుంది. నాన్న అడ్డుపడితే నేనున్నాను. రోజూ నేనే తీసుకెళ్ళి నేనే తీసుకొస్తాను. దారిలో ఎవడైనా దాన్ని కన్నెత్తి చూస్తే ఏం జరుగుతుందో నీకు తెలుసు. నువ్వు రెండో ఫారంలో ఉండగా నిన్ను దారిలో ఆపినవాడి తల రాయి పెట్టి పగలగొట్టాను, గుర్తుందా? నాకు పదకొండేళ్ళు. నా మొదటి తిరుగుబాటు అదే. సొంత డబ్బా కొట్టుకోవడం ఎందుకని నాటికలో తమ్ముడి పాత్రే పెట్టలేదు.

జవాబు వెంటనే రాయి.

అలసిపోయిన నీ తమ్ముడు,
సీతారామాంజనేయులు.

*

రెడ్డిగూడెం,
27 జనవరి.

చిరంజీవి తమ్ముడు ఆంజనేయులుకి అక్కయ్య దీవెనలు.

నీకు తోచినట్టు నువ్వు రాయి, నాకు చేతనైనట్టు నేను రాస్తాను. దీవిస్తే నీ సిద్ధాంతానికి ఏమీ అవదులే.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మామిడి పూత ఈ ఏడు బాగా దిగింది, మంచు దెబ్బ కొట్టకపోతే మేలు. మీ బావగారికి మిల్లులో పనితో ఊపిరాడ్డం లేదు. గొంతుకి పాలల్లో మిరియాలు కొట్టి వేసుకుని తాగు. అరవడం తగ్గించు. మిరియాల కన్నా అదే బాగా పనిచేస్తుంది.

బుల్లి నీ ఉత్తరం నా చేతిలోంచి లాక్కుని చదివింది. కాళ్ళ వెంట్రుకల దగ్గర ఆగి అరగంట నవ్వింది. దాని పేరు గోవిందమ్మ అని పెట్టాం గాని, మా అత్తగారి పేరు నేను నోటితో అనకూడదు కదా, అందుకని బుల్లి అనే పిలుస్తూ పిలుస్తూ బళ్ళో కూడా బుల్లి అయి కూర్చుంది.

దాని చదువు సంగతి చూద్దాం. జూన్ ఇంకా దూరం.

ఆ రాయి సంగతి నువ్వు మరిచిపోయావనుకున్నాను.

ఇట్లు,
నీ మేలు కోరే అక్క,
పరమేశ్వరి.

*

తిరువూరు,
19 ఫిబ్రవరి.

ప్రియమైన అక్కయ్యా,

మీ ఊళ్ళో ఆడి, మీ ఇంట్లో తిని, నీతో రెండు మాటలు మాట్లాడకుండానే వచ్చేశాను. మీ అత్తగారు జంతికల పళ్ళెం పట్టుకుని పక్కనుంచి కదలలేదు. బుల్లి చేరిక సంగతి ఎత్తితే నువ్వు మజ్జిగ తెస్తానని లోపలికి వెళ్ళావు. మళ్ళీ ఎత్తితే పొయ్యి ఆరిందన్నావు. బడి మీ ఇంటికి మూడిళ్ళ అవతల, అయినా నాటికకు రాలేదు. ఎవరు రావద్దన్నారు?

నువ్వు రాలేదు కనక జరిగింది చెబుతాను. నాటిక అయింది. కుర్చీ వేశాం. ఎప్పటిలాగే అందరూ మేష్టారి మొహం చూశారు. అప్పుడు మన బుల్లి లేచింది. “తమ్ముణ్ణి పిలవండి” అంది.

“ఏ తమ్ముడు? ఈ నాటికలో తమ్ముడు లేడమ్మా” అన్నాడు సుందరరావు.

“ఎందుకు లేడు? ఇది మా అమ్మ కథేగా. మా అమ్మకి మావయ్య ఉన్నాడు. ఆ పిల్ల సంచి అటకెక్కిస్తుంటే తమ్ముడు ఎటెళ్ళాడు? ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టండి, అడగాలి.”

పిల్లలందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కాని నిజంగా నేను ఎటు వెళ్ళాను అక్కయ్యా? ఆ దసరా సెలవుల ముందు రాయి విసరడం గుర్తుంది. సెలవులయ్యాక ఒక్కణ్ణే బడికి వెళ్ళడం గుర్తుంది. మధ్యలో ఏం జరిగిందో, నేనేం చేశానో, నాన్నతో ఎందుకు పోట్లాడలేదో ఏమీ గుర్తు లేదు.

ఆ చికాకులోనే మూడు రోజుల తర్వాత ఒక తప్పు చేశాను. ఏ ఊరో రాయను, అక్కడి మేష్టారు మంచివాడు. కుర్చీలో తండ్రిగా నేనున్నాను. మొట్టమొదటిసారి ఒక పిల్ల నన్నే పిలిచింది. ఎనిమిదేళ్ళుంటాయేమో. “ఈ నాన్న మంచోడేనండి. సంచి పైన పెట్టేప్పుడు ఏడిచాడుగా” అంది. నేను ఏడవలేదు. దుమ్ము పడి కళ్ళు తుడుచుకున్నాను. అయినా ఇన్ని మైళ్ళు మోసుకొచ్చి చెబితే ఇదా వీళ్ళు నేర్చుకున్నది అనిపించి వేషంలోనే గట్టిగా అరిచాను. “బానిస బుద్ధులు, మీరిలాగే చస్తారు” అన్నాను. ఆ పిల్ల ఏడ్చింది. బాలశౌరి దగ్గరికి తీసుకుని సముదాయించాడు.  తిరుగు బస్సులో సుందరరావు, “ఇవాళ తండ్రి వేషం బాగా కట్టావు” అన్నాడు.

నిద్ర పట్టడం లేదు. బుల్లి అడిగినదానికి జవాబు నీకే తెలియాలి. తమ్ముడు ఎటు వెళ్ళాడు? రాయి. బుల్లిని జూన్‌లో పంపుతున్నావో లేదో అదీ రాయి.

నీ,
ఆంజనేయులు.

*

తిరువూరు,
11 మార్చి.

అక్కయ్యకు,

మూడు వారాలు. ఒక కార్డు ముక్క లేదు.

నాకు అర్థమైంది. బుల్లిని పంపడం మీ అత్తగారికి ఇష్టం లేదు. బావగారికి మిల్లు తప్ప మరొకటి కనపడదు. నీకు జరిగిందే నీ కూతురికి జరుగుతుంది, నువ్వు మజ్జిగ తేవడానికి లోపలికి వెళతావు. పదమూడేళ్ళ కిందట నాన్న చేసింది ఇప్పుడు నీ చేత్తో నువ్వే చెయ్యబోతున్నావు. ఇంతకంటే మెత్తగా రాయడం నాకు చేతకాదు.

ఇరవై తొమ్మిదిన ఇక్కడి హైస్కూల్లో మా ఆఖరి ప్రదర్శన. హెడ్‌మాస్టరు దశరథరామయ్య గారిని అనుమతి అడగడానికి వెళ్ళాను. నీకు లెక్కలు చెప్పినాయనే. కథ విని కళ్ళజోడు తీసి, “మీ అక్కని ఈ బళ్ళో చేర్చడానికి మీ నాన్న నా దగ్గర రెండు గంటలు కూచున్నాడయ్యా. ఆడపిల్లలు లేరు, ఒక్కతే ఎలాగండీ అంటే, రేపు రెండోది వస్తుంది, ముందు దీన్ని చేర్చుకోండి అన్నాడు” అన్నాడు. ముసలాయనకు మతి తప్పుతోంది. ఎవరితోనో పొరబడ్డాడు. మన నాన్నా, అలా అనడమా?

ఇక ఓపిక లేదు. ఈ ఏడుతో నాటికలు ఆపేద్దామని ఉంది.

సీతారామాంజనేయులు.

*

రెడ్డిగూడెం,
19 మార్చి.

చిరంజీవి ఆంజనేయులుకి,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి పొయ్యిలో పెట్టాను. ఇది అయిదోది. దీవెనలు చివర రాస్తాను, ముందు రాస్తే చదివేదాకా నిలవవు.

దశరథరామయ్య గారికి మతి బాగానే ఉంది. నన్ను బళ్ళో వేసింది నాన్నే. బామ్మ వద్దంటూ మూడు పూటలు అన్నం మానేసింది. నాన్న కూడా మానేశాడు, ఆవిడే ముందు తినాల్సొచ్చింది. నా సంచి మన బట్టల కొట్లోని ఖాకీ గుడ్డతో తనే కొలిచి కుట్టించాడు. నీకు అప్పుడు తొమ్మిదేళ్ళు, ఇవేవీ తెలీవు.

రెండో ఫారంలో దసరా ముందు నాకు జ్వరం వచ్చి పది రోజులు బడికి పోలేదు. లెక్కలు వెనకబడ్డాను. క్లాసులో జగన్నాథరావు అని ఉండేవాడు, వెంకటప్పయ్య గారబ్బాయి. లెక్కల నోటుపుస్తకం ఇస్తావా అని నేనే అడిగాను. అందరి ముందూ అడిగితే నవ్వుతారని, బడి వదిలాక దారిలో ఇమ్మన్నాను. అదీ నేనే. పాపం, ఇచ్చి వెళ్ళిపోతున్నాడు. వెనకాలనుంచి నువ్వు వచ్చావు. వాడు నన్ను ఆపలేదురా. నేను వాణ్ణి ఆపాను.

పుస్తకం మీద రక్తం పడింది. సాయంత్రానికి ఊరంతా పాకింది. సొంత తమ్ముడే తల పగలగొట్టాడంటే ఏదో ఉండే ఉంటుంది అన్నారు. రాయి పడకపోతే అది లెక్కల పుస్తకం. రాయి పడ్డాక అది ప్రేమలేఖ అయి కూచుంది.

నాన్న వెంకటప్పయ్య గారింటికెళ్ళి చేతులు పట్టుకున్నాడు. వాళ్ళు మంచివాళ్ళు, ఏమీ అనలేదు. ఊరు ఊరుకోలేదు. కొట్టుకొచ్చినవాళ్ళు బేరం ఆపి నా సంగతి అడిగేవాళ్ళు. వారం రోజులు చూశాడు. ఎనిమిదో రోజు నా దగ్గరికొచ్చి, “అమ్మా, నేను ఓడిపోయానే” అన్నాడు. సంచి తనే అటక మీద పెట్టాడు. నువ్వు ఎవరి మీద అరిచావో ఆ పిల్ల చెప్పింది నిజం. అప్పుడు నాన్న ఏడ్చాడు. దుమ్ము పడి కాదు.

తర్వాత నా చేత మాట తీసుకున్నాడు. “వాడికి ఈ సంగతి చెప్పకు. అక్కకి మేలు చేశాననుకుంటున్నాడు. పదకొండేళ్ళ పిల్లాడు, ఇంత బరువు మొయ్యలేడు. నన్నే తిట్టుకోనీ, నాకు అలవాటవుతుంది” అన్నాడు. పదమూడేళ్ళు ఆ మాట నిలబెట్టుకున్నాను. నువ్వు నాన్నని తిడుతూ ఊళ్ళ వెంట నాటిక ఆడుతున్నావని తెలిసినప్పుడు కూడా నిలబెట్టుకున్నాను. కోటు ఎవరు తీశారో నాన్నకి తెలుసు. పండక్కి ఇక్కడికొచ్చినప్పుడు అమ్మ చెప్పింది, తను అడిగితే, “వాడికి వదులుగా ఉంటుంది, భుజాల దగ్గర పట్టించమను” అన్నాడట.

తమ్ముడు ఎటెళ్ళాడని అడిగావు. అక్కడే ఉన్నావు. అందరికంటే దగ్గర్లో నువ్వే ఉన్నావు.

ఇక బుల్లి. మీ బావగారు సరేనన్నారు. మా అత్తగారయితే రోజూ పోరు, తన పేరు పెట్టుకున్న పిల్ల ఇంగ్లీషులో సంతకం పెడితే చూసి పోవాలట. ఆ రోజు జంతికల పళ్ళెంతో నీ పక్కన కూచున్నది ఆ మాట అడుగుదామనే, నువ్వు సందు ఇవ్వలేదు. వాళ్ళెవరూ కాదు, ఆపింది నేనే. నాన్నకి భయపడీ కాదు. నీకు భయపడి. ‘ఎవడైనా కన్నెత్తి చూస్తే’ అని రాశావు చూడు, ఆ ముక్క చదివే ‘జూన్ ఇంకా దూరం’ అని రాశాను.

కొట్టేముందు నువ్వు నన్ను ఒక్క మాట అడగలేదు. కొట్టాకా అడగలేదు. నాటిక రాసేముందూ అడగలేదు. నువ్వు మంచివాడివే, అదే కష్టం. చెడ్డవాడైతే దూరంగా ఉండమనేదాన్ని.

చదివి నాన్న మీదికి వెళ్ళకు, కాళ్ళ మీదా పడకు. రెండూ ఆయనకి ఇబ్బందే. వేళకి అన్నం తిను.

దీవెనలతో,
అక్క.

*

తిరువూరు,
30 మార్చి.

ప్రియమైన అక్కయ్యా,

నీ ఉత్తరం అందిన రోజు మళ్ళీ మళ్ళీ చదివాను. మొదటిసారి నీ మీద కోపం వచ్చింది, తర్వాత నాన్న మీద వచ్చింది. ఎవరి మీదా రాకుండా చదవడానికి సాయంత్రమైంది. కోపం పోయాక నా దగ్గర ఇంకేమీ మిగల్లేదనిపించింది. ఇంత అలసట మూటలు మోసినప్పుడు కూడా లేదు.

నాటిక ఆపేస్తానన్నాను. సుందరరావు ఒప్పుకోలేదు. “తప్పున్నచోట దిద్దు గాని పారిపోతే ఎలాగోయ్” అన్నాడు. కొత్తగా రాయడానికి చేతులు రాలేదు. నిన్న హైస్కూల్లో ఉన్నది ఉన్నట్టే ఆడాం. ఒక్కటే మార్చాను. సంచి పైన పెట్టేప్పుడు అటు తిరిగి కాసేపు అలాగే నిలబడ్డాను.

కుర్చీ వేశాక కోటు విప్పాను. మీసం పీకేశాను. “ఈ నాటికలో ఒక తమ్ముడున్నాడు. ఇంతవరకు ఈ కుర్చీలోకి రాలేదు. నేనే వాణ్ణి. అడగండి” అన్నాను. రాయి సంగతీ, పుస్తకం సంగతీ మొత్తం చెప్పాను. నీ పేరు గాని, ఆ అబ్బాయి పేరు గాని చెప్పలేదు.

 వెనక బల్లలో ఒకడు లేచి, “రాయి ఎంత లావుందండి?” అన్నాడు. అందరూ నవ్వారు. నేను పిడికిలి చూపించాను. ఇంకొకడు, “కుట్లు పడ్డాయాండి?” అన్నాడు. తెలియదన్నాను. నాకు నిజంగా తెలియదు, అక్కయ్యా. ఇన్నేళ్ళలో అదీ కనుక్కోలేదు.

ఆ బళ్ళో ఇప్పుడు ఏడుగురు ఆడపిల్లలున్నారు, ముందు వరసలో. వాళ్ళలో ఒకమ్మాయి కూర్చునే అడిగింది. “మీ అక్కకేం కావాలో మీరు అడిగారా?”

“లేదు” అన్నాను.

“ఇప్పుడో?”

 ఏ పుస్తకంలోనూ చదవని ప్రశ్న అది. దశరథరామయ్య గారు గంట కొట్టించాడు. దయతోనే కొట్టించాడనుకుంటాను.

మూటలు కడుతుంటే బాలశౌరి చెప్పాడు, నాన్న కొట్టు మూసుకుని వచ్చి వరండా స్తంభం పక్కన నిలబడ్డాడట. నేను చూసేసరికి లేడు. ఇంటికి వెళ్ళి పక్కపక్కనే కూర్చుని అన్నం తిన్నాం.  చేతులు కడుక్కుంటూ నాన్న, “మీసానికి జిగురు చాలట్లేదు, మధ్యలో ఊడుతోంది” అన్నాడు. తుడుచుకుంటూ, “ఆ కోటుకి కింది బొత్తాం లేదు. కొట్లో ఉంది, తెస్తాను” అన్నాడు. సరే నాన్నా అన్నాను. 

ఇప్పుడు అడుగుతున్నాను, నీకేం కావాలి? తొందరగా రాయనక్కర్లేదు. ఈసారి అరవను.

ఇంకొకటి. బుల్లి ఇక్కడికి రావడానికి నేనే అడ్డమైతే, సుందరరావు వాళ్ళ గదిలోకి మారిపోతాను. ఇల్లు అమ్మానాన్నలకీ దానికీ. ఇది కోపంతో రాస్తున్నది కాదు.

నీ తమ్ముడు,
ఆంజనేయులు.

*

రెడ్డిగూడెం,
5 జూన్.

చిరంజీవి తమ్ముడికి దీవెనలు. ఈసారి మొదట్లోనే.

రెండు నెలలు ఆలస్యమైంది. నాకేం కావాలని ఇంతవరకూ ఎవరూ అడగలేదు కనక, ఆలోచించుకోవడం కొత్త.

నువ్వు ఇల్లు వదలొద్దు. పదో తారీకున బుల్లిని తీసుకుని పొద్దుటి బస్సుకి బయల్దేరుతున్నాను. మైలవరంలో మారి మధ్యాహ్నానికి వస్తాం. బళ్ళో చేర్చడానికి నాన్ననీ నిన్నూ ఇద్దర్నీ రమ్మంటోంది అది. సంచి కొత్తది కొనొద్దని నాన్నతో చెప్పు. అటక మీదున్నది దులిపి ఉతికిస్తే చాలు, ఖాకీ గుడ్డ తొందరగా పోదు.

నాకు కావాల్సింది ఇది. రెండో ఫారం లెక్కల్లో సగం దగ్గర ఆగాను. బుల్లి చదువుతూ ఉంటే వారానికోసారి దాని నోటుపుస్తకం నాకు పంపించాలి. దానికి ఫస్టు ఫారం అయ్యేలోగా నేను పాతవి గుర్తు చేసుకుంటాను. రెండో ఫారం నుంచి ఇద్దరం కలిసి వెళతాం. మీ బావగారు నవ్వారు. మా అత్తగారు నవ్వలేదు, దీపం దగ్గర నాకు చోటు చూపించింది.

దానికి కూడా ఎప్పుడో జ్వరం వస్తుంది, పాఠాలు పోతాయి, ఎవర్నో పుస్తకం అడుగుతుంది. ఎవడో దారిలో ఇస్తాడు. నువ్వు వెనకే వస్తూ ఉంటావు. ముందు దాన్ని అడుగు.

అక్క.